నౌకాశిల్పి జంషెడ్జీ వాడియా

సేవ చాలించిన యుద్ధనౌకలను విఱుగగొట్టి యినుమును అమ్ముకొనవలెనా, లేక ప్రదర్శనశాలలుగా నిలుపుకొనవలెనా యను వివాదము మన దేశమున పదేపదే తలయెత్తుచున్నది. 2014లో విక్రాంత్ విషయమునను, 2021లో విరాట్ విషయమునను అది సుప్రీముకోర్టు వఱకు పోయెను. రెండు మాఱులును నౌకలు విచ్ఛేదకుల పాలయ్యెను. నిలుపవలెనన్నవారు దేశాభిమానమును, వలదన్నవారు వ్యయమును ముందునకు దెచ్చిరి. ఓడను కట్టినవానిని మాత్రము ఇరుపక్షములవారును మఱచిరి. కావున మా యభిప్రాయమును చెప్పుటకు ముందు బొంబాయి నౌకాశిల్పి జంషెడ్జీ బొమన్జీ వాడియా చరిత్రమును పాఠకులకు నివేదింప గోరుచున్నాము. ఆయన గతించి రెండు శతాబ్దములు దాటినది. ఆయన కట్టిన యుద్ధనౌకలలో ఒక్కటి నేటికిని నీటిపై తేలుచున్నది. అదియు మన దేశమున లేదు.

వాడియాలు సూరతు పార్సీలు. ఓడలు కట్టు వృత్తినిబట్టియే వారికి ఆ యింటిపేరు వచ్చినది. జంషెడ్జీ తాత లౌజీ నస్సర్వాన్జీ సూరతులో ఓడపని వడ్రంగులకు మేస్త్రీగా నుండెను. ఆయన పనితనమును జూచి ఈస్టిండియా కంపెనీవారు 1736లో ఆయనను కొందఱు పనివారితో గూడ బొంబాయికి రప్పించిరి. సముద్రపు పోటులో ఓడను లోనికి దెచ్చి, తలుపులు మూసి, నీటిని తొలగించి, పొడినేలపై నిలిపి అడుగుభాగమును బాగుచేయుటకు వీలైన రాతి డాకు 1750లో ఆయన కాలముననే బొంబాయిలో వెలసెను. తరువాత 1762, 1765 సంవత్సరములలో మఱి రెండు చేరెను. ఈ డాకులే బొంబాయి భాగ్యమునకు మూలములు. లౌజీ 1774లో గతించెను. దాదాపు నలువది యేండ్లు కంపెనీ కొలువున నున్నవాడు సంతతికి విడిచిన యాస్తి స్వల్పము. విడిచిన విద్య మాత్రము గొప్పది.

జంషెడ్జీ 1754లో జన్మించెను. మేస్త్రీ మనుమడు గదా యని ఆయనను కచ్చేరీలో కాగితముల ముందు గూర్చుండబెట్టలేదు. తన వంశమువారు చేతిపని యంతయు నేర్చిన పిదపనే పెత్తనమునకు రావలెనని తాతగారి యాజ్ఞ. ఆ ప్రకారము జంషెడ్జీయు, ఆయన పెదతండ్రి కుమారుడు ఫ్రామ్జీయు నెలకు 12 రూపాయల జీతముపై సామాన్యపు వడ్రంగులుగా డాకులో ప్రవేశించిరి. బాడిసతో దూలమును చెక్కుట, పలకల సందులలో పీచు దట్టించి నీరు చొరకుండ కీలు పూయుట, టేకు దుంగను జూచి యందు ఓడ పక్కటెముకకు తగిన వంపు ఎచ్చట నున్నదో కనిపెట్టుట మున్నగునవి గ్రంథములవలన పట్టువడు విద్యలు కావు. వానిని చేతులే నేర్వవలెను. పిమ్మట నౌకాశిల్పమున జంషెడ్జీ చూపిన నిపుణత యంతయు ఆ 12 రూపాయల జీతపు దినములలో పాదుకొన్నదే.

తండ్రియు, పెదతండ్రియు గతించిన పిమ్మట 1792 ప్రాంతమున ఆయన ఫ్రామ్జీతో గూడ ప్రధాన నౌకానిర్మాత యయ్యెను. 1802లో ఒక గొప్ప పరీక్ష వచ్చెను. ఆంగ్లరాజు నౌకాదళమునకు వలయు యుద్ధనౌకలను బొంబాయిలో కట్టింపవలెనని లండనులోని నౌకాశాఖవారు నిశ్చయించిరి. కాని హిందూదేశపు వడ్రంగి చేతికి రాజుగారి యోడను అప్పగించుటకు వారి మనస్సు తొలుత ఒప్పలేదు. ఇంగ్లండునుండి ఒక తెల్లదొరను పైమేస్త్రీగా పంపవలెనని తలంచిరి. జంషెడ్జీ సామర్థ్యము నెఱిగినవారు లండనునకు నచ్చజెప్పగా ఆ తలంపు మానుకొని, ఆయననే యా పదవిలో కొనసాగింపుడని యుత్తరువు చేసిరి. 1804లో కంపెనీ డైరెక్టరులు ఆయనకు వెండి కొలబద్ద నొకదానిని బహూకరించిరి. ఆ యేడే ఫ్రామ్జీ మరణింపగా డాకు భారమంతయు జంషెడ్జీ భుజములపై బడెను. తెల్లని పార్సీ దుస్తులు ధరించి, కొలబద్దను నడుమున దోపుకొని యున్న ఆయన చిత్రపటము నేడు ఇంగ్లండులోని గ్రీనిచ్ నౌకా ప్రదర్శనశాలలో నున్నది.

1810 జూన్ 19వ తేదీన మిండెన్ అను 74 ఫిరంగుల నౌక బొంబాయిలో నీటికి దిగెను. మన దేశమున ఆంగ్లరాజు దళమునకై కట్టిన అగ్రశ్రేణి యుద్ధనౌకలలో అది మొదటిది. తరువాత 1813లో కార్న్‌వాలిస్, 1815లో వెల్లెస్లీ, 1817లో మెల్విల్, 1818లో మలబార్ అను నౌకలు వరుసగా వచ్చినవి. ఇవన్నియు 74 ఫిరంగులవే. ఇంతింత నౌకలకు పాత డాకులు చాలవు. జంషెడ్జీ కాలముననే, 1807 మొదలు 1810 వఱకు, డంకన్ పేర క్రొత్త డాకు కట్టబడెను. అది నేటికిని బొంబాయి నౌకాదళపు ఆవరణములో పనికివచ్చుచునే యున్నది.

ఈ యోడల కీర్తిలో సగము మలబారు టేకుది. ఇంగ్లండువారి ఓకు మ్రానిలో నున్న ఆమ్లము ఇనుప మేకులను దినివేయును. టేకులోని తైలము మేకులను కాపాడును, మ్రానికి పుచ్చు పట్టనీయదు. అందుచేత బొంబాయి నౌకలు ఓకు నౌకలకంటె ఎన్నో యేండ్లు అధికముగా మన్నెను. ఇట్టి నౌకలు థేమ్సు నదికి వచ్చి చేరుట జూచి అచ్చటి నౌకానిర్మాతలు తమ బ్రదుకుదెరువు పోవుచున్నదని గగ్గోలు పెట్టిరి. హిందూదేశపు పనివానికి చేతగాదని యొక నోట, వానితో పోటీపడజాలమని మఱియొక నోట వాదించుట పరపాలనమున మనము తఱచు చూచిన విచిత్రమే.

జంషెడ్జీని గూర్చి డాకులలో ఒక కథ చెప్పుకొనుట కలదు. 1800 ప్రాంతమున కంపెనీకై కట్టిన కార్న్‌వాలిస్ అను ఫ్రిగేటు లోపల, ఎవ్వరికిని కనబడని ఒక దూలముపై, ఆ యోడను కట్టినవాడు నల్లవాడని, తెల్లవారు తమ కోపమున వాడు దూషణపదమును గూడ జేర్చి, ఆయన చెక్కించెనట. ఏండ్లు గడచిన పిదప ఆ యోడ మరమ్మతునకు రాగా దాని దృఢత్వమును మెచ్చుకొనుచున్న దొరలకు తానే యా దూలమును జూపెనట. అది నిజముగా జరిగినదో లేదో మేము చెప్పజాలము. కాని యట్టి కథ పుట్టి నిలుచుటకు తగిన యవమానము ఆ దినములలో నుండెననుట మాత్రము నిజము.

ఇచ్చట మేము ఒక సంగతిని దాచ దలచుకొనలేదు. జంషెడ్జీ దేశభక్తుడని మేము చెప్పుటలేదు. ఆయన కంపెనీ కొలువుకాడు. ఆయన కట్టిన నౌకలు మనకు స్వాతంత్ర్యము తెచ్చినవి కావు. 1839లో కరాచీ రేవున మనోరా కోటపై ఫిరంగులు ప్రేల్చి ఆ పట్టణమును ఆంగ్లేయుల వశము చేసినది ఆయన కట్టిన వెల్లెస్లీయే. నల్లమందు వర్తకమునకై చీనాపై జరిపిన యుద్ధమున ఆ వెల్లెస్లీయు పాల్గొనెను. 1842 ఆగస్టు 29న చీనావారి చేత నాన్‌కింగు సంధిపై సంతకము చేయించినది ఆయన కట్టిన 74 ఫిరంగుల కార్న్‌వాలిస్ పైననే. మన టేకు, మన వడ్రంగుల నైపుణ్యము ఆసియా జనులను లొంగదీయుటకు వినియోగపడినవి. ఈ సంగతి తలచుకొన్నప్పుడు గర్వముతో పాటు సిగ్గును గలుగును. ఈ రెండింటిని గూడ జ్ఞాపకముంచుకొన గలిగిన జాతికే పాతనౌకలను నిలుపుకొను నర్హత గలదని మా నమ్మకము. ప్రదర్శనశాల పొగడ్తకు మాత్రమే యేర్పడిన స్థలము కాదు.

జంషెడ్జీ 1821 ఆగస్టు 31న కాలధర్మము నొందెను. అప్పటికి 84 ఫిరంగుల గాంజెస్ అను నౌక డాకులో కట్టబడుచుండెను. గంగానది పేరుగల ఆ యోడను ఆ నవంబరులో నీటికి దింపినప్పుడు ఆయన లేడు. ఆయన కుమారుడు నౌరోజీ డాకు భారమును వహించెను. నౌరోజీ 1824లో కట్టిన ఏషియా అను నౌక 1827లో నవారినో యుద్ధమున ఆంగ్ల సేనాని పతాకనౌక యయ్యెను. ఈ వంశమునకే చెందిన అర్దేషీర్ ఖర్సెట్జీ 1841లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ గౌరవమును పొందిన మొదటి భారతీయు డాయనయే. వాడియాల చేతులమీదుగా 300లకు పైగా నౌకలు వెలువడినవి. పిమ్మట ఆవిరియు, ఇనుమును వచ్చెను. పరప్రభుత్వము మన పనివానికి ఆ క్రొత్త విద్యను ఉద్యమముగా నేర్పలేదు. టేకు నౌకలతో పాటు ఆ వైభవమును అస్తమించెను.

ఆ నౌకల యవసానము చూడుడు. మిండెన్ హాంగుకాంగులో రోగుల యోడగా నుండి 1861లో తుక్కునకు పోయెను. గాంజెస్ బాలనావికులకు పాఠశాలయై, 1930లో విఱుగగొట్టబడెను. కార్న్‌వాలిస్ ఇంగ్లండులోని షీర్‌నెస్ రేవున ఒడ్డువంతెనగా అనేక దశాబ్దములు పడియుండి 1957లో ముక్కలయ్యెను. వెల్లెస్లీ 1940 సెప్టెంబరులో థేమ్సు నదిలో జర్మను విమానముల బాంబులకు గుఱియై మునిగెను. అప్పటికి దాని వయస్సు 125 సంవత్సరములు. 1948లో దానిని పైకి తీసి విచ్ఛేదించినప్పుడు కొన్ని దూలములు ఇంకను గట్టిగా నుండుటచే, వానిని లండను న్యాయస్థాన భవనపు మరమ్మతునకు వాడుకొనిరి. జంషెడ్జీ పనికి ఇంతకంటె యోగ్యతాపత్రము వలదు.

ఇక బ్రదికియున్న యా యొక్క నౌక త్రింకోమలీ. దాని పుట్టుకయే చిత్రమైనది. దాని నమూనా పటములను గొనివచ్చుచుండిన జావా అను ఆంగ్ల నౌకను 1812 డిసెంబరు 29న బ్రెజిలు తీరమున అమెరికావారి కాన్‌స్టిట్యూషన్ అను నౌక ఓడించెను. పటములు పోయెను. మఱల వేఱు పటములు తెప్పించుకొని జంషెడ్జీ పని మొదలిడి, 1817 అక్టోబరు 12న ఫ్రిగేటును నీటికి దింపెను. నెపోలియను యుద్ధములు అప్పటికే ముగియుటచే అది పోర్ట్‌స్మత్ చేరి చాల యేండ్లు ఊరక యుండెను. 1847 మొదలు 1857 వఱకు అట్లాంటికు, పసిఫికు సముద్రములలో తిరిగెను. పిదప శిక్షణానౌకగా కొంతకాలము నడచి, 1897లో తుక్కు వర్తకునికి అమ్ముడయ్యెను. జంషెడ్జీ కట్టిన ఈ నౌకయు ఆ యేడే నశింపవలసినదే. కాని జార్జి వీట్లీ కాబ్ అను ధనికుడు అప్పుడే తన పాఠశాలానౌకను తుపానులో గోల్పోయి యుండుటచే దీనిని కొనెను. దాని పేరు మార్చినను ఓడను నిలిపెను. 1986 వఱకు అందు పిల్లలు నావికావిద్య నేర్చిరి. 1987లో దానిని హార్టిల్‌పూల్ పట్టణమునకు దెచ్చి, 1990 మొదలు 2001 వఱకు ఒక కోటి పౌండ్లకు పైగా వ్యయపఱచి పునరుద్ధరించిరి. 1992లో పాత పేరు మరల వచ్చెను. బ్రిటిషు యుద్ధనౌకలలో నేటికిని నీటిపై తేలుచున్న వానిలోనెల్ల పురాతనమైనది బొంబాయిలో మన వడ్రంగులు కట్టిన ఈ యోడయే.

పటములను హరించిన కాన్‌స్టిట్యూషన్ కూడ బోస్టను రేవున నేటికిని తేలుచున్నది. దానిని విఱుగగొట్టబోవుచున్నారని 1830లో వార్త పుట్టినప్పుడు ఒలివర్ వెండెల్ హోమ్స్ అను యువకుడు వ్రాసిన పద్యము ప్రజలను కదిలించెను. మఱియొక ప్రక్క ఇంప్లకబుల్ అను నౌక కథ గలదు. అది ఫ్రెంచివారు కట్టినది, 1805లో ఆంగ్లేయులు పట్టుకొన్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము మరమ్మతు వ్యయము భరింపలేమని 1949 డిసెంబరు 2న ఉభయదేశముల పతాకములను ఎగురవేసి, దానిని ఆంగ్లేయులే సముద్రమున ముంచివేసిరి. మునిగినపిదప పశ్చాత్తాపము కలిగెను. అటుపిమ్మట పాతనౌకలను రక్షించు నుద్యమము ఆ దేశమున బలపడెను.

మన దేశపు సంగతి యేమి? స్వతంత్ర భారతమున కట్టిన మొదటి పెద్ద యుద్ధనౌక నీలగిరి. బొంబాయి మజగాం డాకులో తయారై 1972లో సేవలో చేరెను. 1996లో విరమించెను. మఱుసటి యేడు క్షిపణి పరీక్షకు గుఱిగా నిలిపి దానిని ముంచివేసిరి. జంషెడ్జీ తరువాత శతాబ్దమునకు పైగా కోల్పోయిన విద్యను మన చేతులు మరల సంపాదించిన దానికి అది మొదటి సాక్ష్యము. దానికై సుప్రీముకోర్టున కెక్కినవారు లేరు.

విక్రాంత్ చరిత్ర అందఱెఱిగినదే. ఆంగ్లేయులవద్ద 1957లో కొని, 1961లో సేవలో చేర్చిన ఆ విమానవాహక నౌక 1971 యుద్ధమున తూర్పు సముద్రమున చిట్టగాంగు, కాక్సుబజారు రేవులపై విమానముల నంపెను. 1997లో విరమించి, 2001 మొదలు బొంబాయిలో ప్రదర్శనశాలగా నుండెను. 2012లో ప్రమాదకరమని తలుపులు మూసిరి. 2014లో సుమారు 60 కోట్ల రూపాయలకు తుక్కు వర్తకులు కొనిరి. దానిని చంపినది అభిమానలోపము కాదు. అభిమానము పుష్కలముగా నుండెను. లేనిది ఏటేట అడుగుభాగమును గోకి, తుప్పు వదలించి, రంగు వేయుటకు వలయు నిబంధనయు, నిధియును.

మంచి యుదాహరణములును లేకపోలేదు. విశాఖపట్టణపు సముద్రతీరమున కుర్సురా జలాంతర్గామి 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దానిని ఇసుకపైకి లాగి, గట్టినేలపై నిలిపిరి. నీటిలో నున్న యోడకు గల ప్రమాదములు దానికి లేవు. 1969లో సోవియట్ దేశమునుండి వచ్చి, 2001లో విరమించిన ఆ జలాంతర్గామి యిఱుకైన గదులలో నడచిన తెలుగు బాలబాలికలకు నావికుని జీవితము గ్రంథములకంటె బాగుగా తెలియుచున్నది. మజగాం డాకులోనే కట్టిన ఖుక్రీ అను నౌక 2021లో విరమించిన తరువాత డయ్యూ చేరి ప్రదర్శనకు నిలిచినది.

విఱుగగొట్టుటయే మేలనువారి వాదమును మేము తేలికగా త్రోసివేయము. ఉప్పునీరు ఇనుమును దినివేయుట మానదు. పెద్దనౌకను నిలుపుటకగు ధనముతో పాఠశాలలు కట్టవచ్చును. ఓడనుండి వచ్చిన ఉక్కు మరల ఇండ్లకును, వంతెనలకును ఉపయోగపడును. అలంగు తీరమున వేలమంది కూలీలు ఆ పనిపై బ్రదుకుచున్నారు. ప్రతి నౌకను నిలుపవలెననుట అవివేకము. జంషెడ్జీయే యుండిన యెడల ఆ మాట ఒప్పడు. డాకులో పెరిగినవానికి ఓడ దేవతావిగ్రహము కాదు. మరమ్మతు చేయువాడు లేని యోడ మునుగునని ఆయన తన పండ్రెండు రూపాయల జీతపు దినములలోనే యెఱుగును.

అయినను మా నిశ్చయము ఇది. ఒక్కొక్క తరమునకు ఒక్క నౌకనైనను, అదియు మన చేతులతో కట్టినదానిని ఏఱి నిలుపుకొనవలెను. యుద్ధమున గెలిచినదా లేదా యనునది ఒక్కటే కొలత కారాదు. త్రింకోమలీ ఒక్క యుద్ధమును గెలువలేదు. దానిని చూచువారు మెచ్చుకొనునది కట్టినవాని నైపుణ్యమునే. రెండవది, పతాకమును దించు దినమున కాదు, దానికి చాల ముందుగనే ఆ నౌక యొక్క స్థలమును, నిధిని నిర్ణయింపవలెను. మూడవది, విఱుగగొట్టక తప్పని నౌకల నమూనా పటములను, దినచర్యలను, చుక్కానిని, గంటను, కట్టిన పనివారి పేర్లతో గూడ భద్రపఱచవలెను. విచ్ఛేదము తప్పనప్పుడు విస్మృతి యేల?

మా ప్రాంతమున కోరంగి యొకనాడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దానిని నాశనము చేసెను. అచ్చటి వడ్రంగులు కట్టిన యోడలలో చూపుటకు ఒక్కటియు మిగులలేదు. వారి పేర్లును మిగులలేదు. జంషెడ్జీ పేరు మనకు తెలియుటకు కారణము ఆయన నేర్పు మాత్రమే కాదు. ఆయన చేతిపని నొకదానిని ఎవ్వరో పరదేశీయులు తుక్కుబేరగాని యంగడినుండి విడిపించి దాచిపెట్టుటయు కారణమే.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో క్రొత్త విక్రాంత్ సేవలో చేరెను. మన దేశమున కట్టిన మొదటి విమానవాహక నౌక అది. దానికిని ఒకనాడు ముదిమి వచ్చును. నాటికి దానిని ఏమి చేయవలెనో నేడే యాలోచింపుమని మన ప్రభుత్వములను కోరుచున్నాము. భారతీయుని చేతిపనిని చూచుటకు మన మనుమలును హార్టిల్‌పూల్ పోవలసిన దుర్గతి రాకుండుగాక.